కేడీఈ ప్లాస్మా 6లో ప్యానెళ్లు, విడ్జెట్లు: ఏది బాగుంది, ఎక్కడ జాగ్రత్తపడాలి

లినక్స్‌లో డెస్క్‌టాప్‌ని మన పనికి తగ్గట్టు మలచుకోవాలంటే ఇవాళ కేడీఈ ప్లాస్మాని మించింది లేదు. ఈ సమీక్ష ప్లాస్మా మొత్తం గురించి కాదు. ప్యానెళ్లు, విడ్జెట్లు ఎలా పనిచేస్తాయి, వాటిని పెట్టుకోవడం, జరుపుకోవడం, చెడితే బాగుచేసుకోవడం ఎంత తేలిక, ఎక్కడ మొరాయిస్తాయి అన్నంత వరకే. 2024 ఫిబ్రవరిలో వచ్చిన 6.0 నుంచి 6 వరస వెర్షన్లన్నిటికీ ఇందులో చాలావరకు వర్తిస్తుంది. పాత 5.27 మీద ఉన్నవాళ్లకు తేడా వచ్చే చోట విడిగా చెప్పాను.

ముందు ఒక్క సంగతి బుర్రకెక్కితే మిగతావి వాటంతటవే అర్థమవుతాయి. విండోస్‌లో టాస్క్‌బార్ అంటే ఒకటే ముక్క. స్టార్ట్ బటన్, గడియారం, ట్రే దానికే అతుక్కుని ఉంటాయి. ప్లాస్మాలో ప్యానెల్ అనేది ఉత్త ఖాళీ పట్టీ. దాని మీద కనిపించే ప్రతిదీ విడ్జెట్టే. అప్లికేషన్ లాంచర్ ఒక విడ్జెట్, తెరిచిన విండోల వరస (దీని పేరు టాస్క్ మేనేజర్) ఒక విడ్జెట్, గడియారం ఒకటి, సిస్టమ్ ట్రే ఒకటి. ఆఖరికి రెండు ఐకాన్ల మధ్య వదిలే ఖాళీ జాగా కూడా విడ్జెట్టే, దాని పేరు ప్యానెల్ స్పేసర్. అందుకే దేన్నయినా తీసేయొచ్చు, ఎక్కడికైనా జరపొచ్చు. కొత్తగా వచ్చినవాళ్లు కంగారుపడేదీ ఇక్కడే. పొరపాటున సిస్టమ్ ట్రే తీసేస్తే వైఫై, సౌండ్, బ్యాటరీ గుర్తులన్నీ ఒక్క దెబ్బకు మాయమవుతాయి. నెట్ పోయిందనుకుని డ్రైవర్లు మళ్లీ ఎక్కించే పని పెట్టుకోకండి. పోయింది ఆ గుర్తులను మోస్తున్న విడ్జెట్ మాత్రమే. దాన్ని తిరిగి ప్యానెల్ మీదకు లాగితే అన్నీ వచ్చేస్తాయి.

ఏ మార్పు చేయాలన్నా తలుపు ఎడిట్ మోడ్. డెస్క్‌టాప్ ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి 'ఎంటర్ ఎడిట్ మోడ్' నొక్కాలి. లేదా ఆల్ట్+డీ కొట్టి వదిలి, వెంటనే ఇంగ్లీషు E అక్షరం కొట్టాలి. 6.1 నుంచి ఎడిట్ మోడ్‌లోకి వెళ్లగానే డెస్క్‌టాప్ మొత్తం కాస్త వెనక్కి జరిగి చిన్నదవుతుంది, పైన బటన్ల వరస వస్తుంది. ఇది మంచి మార్పు. ప్యానెల్ సెట్టింగ్స్ పెట్టె ప్యానెల్‌నే కప్పేసే ఇబ్బంది బాగా తగ్గింది. ఇప్పుడు ఏ మోడ్‌లో ఉన్నామో చూడగానే తెలుస్తుంది. నేరుగా విడ్జెట్ల జాబితాకే వెళ్లాలంటే ఆల్ట్+డీ, ఆ తర్వాత ఇంగ్లీషు A అక్షరం. ఎడమ పక్కన జాబితా తెరుచుకుంటుంది, పైన వెతికే గడి ఉంటుంది. కావాల్సినదాన్ని పట్టుకుని డెస్క్‌టాప్ మీదకో ప్యానెల్ మీదకో లాగి వదలడమే. ఇప్పటికే వాడుకలో ఉన్న విడ్జెట్ బొమ్మ మూలన ఎన్ని ఉన్నాయో అంకె కనిపిస్తుంది. 'మెమరీ విడ్జెట్ పెట్టాను, ఎక్కడా కనబడదేంటి' అనుకున్నప్పుడు ముందు ఆ అంకె చూడండి. అది వేరే మానిటర్ మీదో, వేరే యాక్టివిటీలోనో ఉండి ఉంటుంది.

యాక్టివిటీల మాట వచ్చింది కాబట్టి ఇంకో ముక్క. యాక్టివిటీ అంటే ఒక్కో రకం పనికి విడిగా అమర్చుకునే డెస్క్‌టాప్. డెస్క్‌టాప్ మీది విడ్జెట్లు ఒక్కో యాక్టివిటీకి, ఒక్కో మానిటర్‌కి వేరువేరు. పొరపాటున మెటా+క్యూ కొట్టి ఇంకో యాక్టివిటీలోకి వెళితే విడ్జెట్లన్నీ తుడిచిపెట్టుకుపోయినట్టు కనిపిస్తుంది. మళ్లీ మెటా+క్యూ కొట్టి పాతదానికి వస్తే ఎక్కడివి అక్కడే ఉంటాయి. మెటా అంటే కీబోర్డు మీద విండోస్ గుర్తు ఉండే కీ.

డెస్క్‌టాప్ మీద పెట్టిన విడ్జెట్‌ని జరపడానికి ఎడిట్ మోడ్ అక్కర్లేదు. దాని మీద మౌస్ కాసేపు నొక్కిపట్టి ఉంచితే పక్కన చిన్న పట్టీ వస్తుంది. సైజు మార్చడం, తిప్పడం, సెట్టింగ్స్, తీసేయడం అన్నీ అక్కడే. కొన్ని విడ్జెట్లకు వెనక రంగు తీసేసే బటన్ కూడా ఉంటుంది. గడియారాన్ని వాల్‌పేపర్ మీద నేరుగా రాసినట్టు చూపించాలంటే అదే వాడాలి. తీసేసినప్పుడు మూలన 'అన్‌డూ' ఉన్న నోటిఫికేషన్ కాసేపు నిలుస్తుంది. స్టిక్కీ నోట్స్ తీసేసే ముందు మాత్రం అందులో రాసుకున్నదాన్ని వేరేచోట కాపీ చేసి పెట్టుకోవడం మంచిది. నోటిఫికేషన్ పోయాక వెనక్కి తెచ్చుకునే బటన్ ఉండదు.

ప్లాస్మాని మిగతావాటికంటే ఒక మెట్టు పైన నిలబెట్టేది ఇంకొకటి ఉంది. ఒకే విడ్జెట్ రెండు చోట్లా పనికొస్తుంది. వాతావరణం విడ్జెట్‌ని ప్యానెల్‌లో పెడితే చిన్న గుర్తు, పక్కన ఉష్ణోగ్రత. నొక్కితే పెట్టె తెరుచుకుంటుంది. దాన్నే డెస్క్‌టాప్ మీద పెడితే రోజువారీ అంచనాలతో సహా పూర్తిగా పరుచుకుంటుంది. డెస్క్‌టాప్ మీద ఉన్నదాన్ని మూల పట్టుకుని బాగా కుదిస్తే ఒక హద్దు దాటాక అది మళ్లీ ఐకాన్‌గా ముడుచుకుపోతుంది. చాలామంది దీన్ని లోపం అనుకుంటారు. కాస్త పెద్దది చేస్తే విచ్చుకుంటుంది. ప్యానెల్ నుంచి తెరిచిన పెట్టె పక్కన క్లిక్ చేయగానే మూసుకుపోకుండా ఉండాలంటే దాని పై మూలన ఉన్న పిన్ను గుర్తు నొక్కాలి.

వాతావరణం విడ్జెట్‌లో తెలుగువాళ్లు చూసుకోవాల్సిన చిక్కు ఒకటుంది. ఊరి పేరు వెతికే గడిలో హైదరాబాద్ అని కొడితే మన హైదరాబాద్‌తో పాటు పాకిస్తాన్‌లోని సింధ్ హైదరాబాద్ కూడా రావచ్చు. పేరు పక్కన దేశం చూసి ఎంచుకోవాలి. లేకపోతే ఎప్పుడు చూసినా ఎండ మండిపోతున్నట్టు చూపిస్తూ ఉంటుంది, కారణం మాత్రం తోచదు.

ఇక ప్యానెల్ దగ్గరికి వద్దాం. అసలు సరుకంతా ఇక్కడే ఉంది. ఎడిట్ మోడ్‌లో ప్యానెల్ మీద నొక్కితే దాని సెట్టింగ్స్ తెరుచుకుంటాయి. ఏ అంచున ఉండాలి, ఎడమ, మధ్య, కుడి ఎటు సర్దుకోవాలి, ఎత్తు ఎంత, వెడల్పు అంచు నుంచి అంచుకా లేక లోపల ఉన్నవాటికి సరిపడానా, ఎప్పుడు దాక్కోవాలి అన్నీ ఒకే పెట్టెలో. ఎత్తు డిఫాల్ట్‌గా 44 పిక్సెళ్ల దరిదాపుల్లో ఉంటుంది. దాచే పద్ధతుల్లో నాకు బాగా నచ్చింది 'డాడ్జ్ విండోస్'. ఏదైనా విండో తగిలితేనే ప్యానెల్ తప్పుకుంటుంది, లేకపోతే కనిపిస్తూనే ఉంటుంది. చిన్న తెరల ల్యాప్‌టాప్‌లకు పూర్తి ఆటో హైడ్ కంటే ఇదే హాయి. 6లో ప్యానెల్ డిఫాల్ట్‌గా అంచుకు అంటకుండా తేలుతూ ఉంటుంది, విండోని పెద్దది చేయగానే అంచుకు అతుక్కుంటుంది. తేలుతున్నప్పుడు కింద మిగిలిన సన్నని సందులో నొక్కినా ఆ నొక్కు పైనున్న ఐకాన్‌కే చేరుతుంది. మౌస్‌ని మూలకు తోసేసి లాంచర్ నొక్కే అలవాటు ఉన్నవాళ్లు నిశ్చింతగా ఉండొచ్చు. ఇలాంటి చిన్న విషయం కూడా ఆలోచించి చేసినవాళ్లను మెచ్చుకోవాలి.

ఎక్కువమంది అడిగేది ఐకాన్లను ప్యానెల్ మధ్యలోకి తేవడం. ఎక్కువమంది బోల్తాపడేదీ అక్కడే. పద్ధతి ఇది. ప్యానెల్ సెట్టింగ్స్‌లో 'యాడ్ స్పేసర్' రెండుసార్లు నొక్కండి. రెండు స్పేసర్లు వస్తాయి. ఒకదాన్ని లాంచర్‌కీ టాస్క్ మేనేజర్‌కీ మధ్యలోకి, రెండోదాన్ని టాస్క్ మేనేజర్‌కీ సిస్టమ్ ట్రేకీ మధ్యలోకి లాగండి. రెండిటికీ 'ఫ్లెక్సిబుల్ సైజ్' పెట్టి ఉందో లేదో చూడండి. అయినా ఐకాన్లు ఎడమకే అంటుకుని ఉంటాయి! ఎందుకంటే టాస్క్ మేనేజర్ తనే మిగతా ఖాళీ అంతా ఆక్రమించుకుంటుంది, స్పేసర్లకు జాగా మిగలదు. టాస్క్ మేనేజర్ మీద రైట్ క్లిక్ చేసి, కాన్ఫిగర్‌లోకి వెళ్లి, 'ఫిల్ ఫ్రీ స్పేస్ ఆన్ ప్యానెల్' అన్న టిక్కు తీసేయాలి. అప్పుడు ఠక్కున మధ్యకు వస్తాయి. రెండు వైపులా ఉన్న విడ్జెట్ల వెడల్పు వేరైనా సరే, ప్లాస్మా లెక్కచూసి సరిగ్గా నడిమధ్యనే నిలబెడుతుంది. ఈ ఒక్క టిక్కు తెలియక స్పేసర్ల మీద స్పేసర్లు చేర్చుకుంటూ పోయేవాళ్లు ఎందరో. ఎన్ని చేర్చినా ఫలితం ఉండదు.

ఉన్న విడ్జెట్‌ని తీసేసి వేరేది పెట్టే బదులు 'షో ఆల్టర్నేటివ్స్' వాడండి. ఎడిట్ మోడ్‌లో విడ్జెట్ మీదకు మౌస్ తీసుకెళితే ఆ మాట కనిపిస్తుంది. లాంచర్‌కి మూడు రూపాలు ఉన్నాయి: డిఫాల్ట్‌గా వచ్చేది, పాత విండోస్ మెనూలా ఉండే చిన్నది, తెరంతా పరుచుకునే డాష్‌బోర్డు. ఒకదాని చోట ఇంకోటి అదే స్థలంలో కూర్చుంటుంది. లాంచర్‌ని పూర్తిగా తీసేసి కొత్తది చేరిస్తే మాత్రం ఒక్కోసారి మెటా కీ నొక్కినా మెనూ తెరుచుకోదు. కొత్త విడ్జెట్ కాన్ఫిగర్‌లో కీబోర్డు షార్ట్‌కట్ల పేజీకి వెళ్లి అక్కడ కీ పెట్టుకుంటే సరిపోతుంది.

గడియారం విడ్జెట్‌ని చాలామంది చిన్నచూపు చూస్తారు. నా లెక్కలో ప్లాస్మా మొత్తంలో బాగా శ్రద్ధపెట్టి చేసినవాటిలో ఇదొకటి. డల్లాస్‌లో కొడుకో, దుబాయ్‌లో అన్నయ్యో ఉన్న ఇళ్లకు ఇది ఎంత అక్కరకొస్తుందో చెప్పనక్కర్లేదు. కాన్ఫిగర్‌లో టైమ్ జోన్ల పేజీకి వెళ్లి కావాల్సినన్ని చేర్చుకోవచ్చు. జాబితాలో అన్ని ఊళ్లూ ఉండవు. మన సమయానికి కోల్‌కతా, డల్లాస్‌కి షికాగో ఎంచుకోవాలి. ఆ తర్వాత గడియారం మీద మౌస్ పెడితే చాలు, అన్ని ఊళ్ల టైములూ ఒక్కచోట కనిపిస్తాయి. మౌస్ చక్రం తిప్పితే ప్యానెల్‌లో చూపించే ఊరు మారే ఏర్పాటు కూడా ఉంది. అది ఆన్ చేసి పెట్టుకుంటే పొరపాటున చక్రం తగిలి గడియారం అమెరికా టైము చూపిస్తూ కూర్చునే ప్రమాదం ఉంది, ఇంట్లో నలుగురు వాడే కంప్యూటర్ అయితే ఆపేయడమే మేలు. వేసవిలో అక్కడ గడియారాలు ముందుకు జరిపినప్పుడు డల్లాస్‌కీ మనకీ తేడా 10 గంటల 30 నిమిషాలు, శీతాకాలంలో 11 గంటల 30 నిమిషాలు. మార్చిలో, నవంబరులో ఈ మార్పు తనంతట తనే చేసుకుంటుంది.

తేదీని తెలుగులో చూడాలంటే సిస్టమ్ సెట్టింగ్స్‌లో 'రీజియన్ అండ్ లాంగ్వేజ్' పేజీలో సమయం వరసకు మాత్రమే తెలుగు ఎంచుకోవచ్చు. మిగతా డెస్క్‌టాప్ ఇంగ్లీషులోనే ఉంటుంది. లాగౌట్ అయి మళ్లీ లోపలికి వస్తేగానీ మార్పు కనిపించదు. అప్పుడొచ్చే ఇబ్బంది వేరు. తెలుగు అక్షరాలకు కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి ఒక వరసకు ఇంగ్లీషు కంటే ఎక్కువ ఎత్తు కావాలి. టైము కింద తేదీ వచ్చేలా ఉంచి ప్యానెల్‌ని 36 పిక్సెళ్లకు కుదిస్తే 'ఫిబ్రవరి'లో బ్ర ఏమిటో, వ ఏమిటో కళ్లు చిట్లించినా తెలియదు. రెండు దార్లున్నాయి. కాన్ఫిగర్‌లో తేదీని 'ఆల్వేస్ బిసైడ్ టైమ్' అని పెడితే పక్కపక్కన వస్తాయి, అక్షరం పెద్దదవుతుంది. లేదా తేదీ రూపాన్ని కస్టమ్ చేసి ఇంగ్లీషు చిన్న డీ అక్షరం మూడుసార్లు, ఒక ఖాళీ, మళ్లీ ఒక డీ కొట్టండి. 'శుక్ర 14' లాగా వారం, తేదీ మాత్రమే చూపిస్తుంది. ఇరుకు ప్యానెల్‌కి ఇదే సరైనది. తెలుగు ఫాంటు లేని మెషిన్‌లో గళ్లు గళ్లుగా కనిపిస్తే నోటో సాన్స్ తెలుగు ఎక్కించుకోవాలి.

తెలుగు టైపింగ్ గుర్తు కూడా ఈ ట్రేలోనే. సిస్టమ్ సెట్టింగ్స్, కీబోర్డు, లేఔట్లలో ఇండియా కింద తెలుగు లేఔట్లు దొరుకుతాయి. రెండోది చేర్చగానే ట్రేలో లేఔట్ గుర్తు దానంతటదే వస్తుంది, మెటా+ఆల్ట్+కే కొడితే మారుతుంది. ఇక్కడ జెండా చూపించే ఏర్పాటు పెట్టకండి. జెండా దేశాన్ని బట్టి వస్తుంది కాబట్టి తెలుగుకీ హిందీకీ ఒకటే జెండా, ఏది నడుస్తోందో తెలియదు. అక్షరాల లేబుల్ ఎంచుకుని, ఆ లేబుల్‌ని మీకు నచ్చినట్టు మార్చుకోండి. ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు రాబట్టే పద్ధతి కావాలంటే Fcitx 5 అనే టైపింగ్ ప్రోగ్రాము, దానికి m17n జోడింపు ఎక్కించుకోవాలి. వేలాండ్ (తెరను, విండోలను నడిపే కొత్త పద్ధతి) సెషన్‌లో సిస్టమ్ సెట్టింగ్స్‌లోని వర్చువల్ కీబోర్డు పేజీలో Fcitx 5ని ఎంచుకోకపోతే కొన్ని ప్రోగ్రాముల్లో తెలుగు రాదు. రెండు గుర్తులు పక్కపక్కన వచ్చి గందరగోళంగా ఉంటే ట్రే మీద రైట్ క్లిక్, కాన్ఫిగర్, ఎంట్రీస్ పేజీలో ఒకదాన్ని 'ఆల్వేస్ హిడెన్' చేయండి.

సిస్టమ్ మానిటర్ విడ్జెట్ల గురించి క్లుప్తంగా. సీపీయూ, మెమరీ, నెట్ వేగం విడివిడిగా దొరుకుతాయి. లోపల అన్నీ ఒకే విడ్జెట్, చూపించే సెన్సార్లే వేరు. రూపం గ్రాఫా, గుండ్రని చక్రమా, ఉత్త అంకెలా అన్నది మార్చుకోవచ్చు. ప్యానెల్‌లో అయితే అంకెలే నయం. 44 పిక్సెళ్లలో గ్రాఫ్ చూసి తెలిసేది తక్కువ. జాబితాలో వాతావరణం, స్టిక్కీ నోట్స్ లాంటివి అసలు కనిపించకపోతే అదనపు విడ్జెట్ల ప్యాకేజీ లేదన్నమాట. ఉబుంటు, డెబియన్లలో దాని పేరు plasma-widgets-addons, ఆర్చ్‌లో kdeplasma-addons.

ఇప్పుడు లోపాలు. మొదటిది బయటి విడ్జెట్లు. 'గెట్ న్యూ విడ్జెట్స్' నొక్కితే కేడీఈ స్టోర్ తెరుచుకుంటుంది. అక్కడున్నవి ఎవరెవరో రాసి పెట్టినవి, ముందుగా ఎవరూ గీటు పెట్టి పరీక్షించినవి కావు. విడ్జెట్ అంటే కోడ్. మీ యూజర్‌కి ఉన్న అనుమతులన్నీ దానికీ ఉంటాయి, మీ ఫైళ్లు చదవగలదు, చెరపగలదు. 2024 మార్చిలో స్టోర్ నుంచి దించుకున్న ఒక గ్లోబల్ థీమ్ (డెస్క్‌టాప్ రూపాన్ని మొత్తంగా మార్చేది) ఒకరి ఫైళ్లన్నీ చెరిపేసిన ఘటన బయటికి వచ్చింది. థీమ్ అంటే రంగులే కదా అనుకున్నవాళ్లకు అది గట్టి హెచ్చరిక. కేడీఈ బృందం కూడా అప్పుడే వాడుకరులను జాగ్రత్తగా ఉండమని కోరింది. ఎక్కువమంది వాడుతున్నది, ఈమధ్య అప్‌డేట్ అయినది, కోడ్ ఎక్కడుందో చెప్పినది తప్ప వేరేవి దించుకోకపోవడమే క్షేమం.

రెండోది, విడ్జెట్లన్నీ ప్లాస్మాషెల్ అనే ఒకే ప్రాసెస్‌లో నడుస్తాయి. ఒక బయటి విడ్జెట్ ఇరుక్కుపోతే ప్యానెల్ మొత్తం బిగుసుకుపోతుంది, గడియారం కూడా ఆగిపోతుంది. అదృష్టం ఏమిటంటే తెరిచిన విండోలను చూసుకునేది వేరే ప్రాసెస్, కాబట్టి చేస్తున్న పని పోదు. కంప్యూటర్ ఆపేయకండి. కంట్రోల్+ఆల్ట్+టీతో టెర్మినల్ తెరిచి ఇది కొట్టండి, అక్షరాలన్నీ ఇంగ్లీషు చిన్నబడిలో: systemctl --user restart plasma-plasmashell. ప్యానెల్ ఒక్క క్షణం మాయమై తిరిగి వస్తుంది. ఏ విడ్జెట్ వల్ల వచ్చిందో తెలుసుకోవాలంటే journalctl --user -u plasma-plasmashell కొట్టి చివరి వరసలు చదవండి. తప్పు జరిగిన ఫైలు దారి, వరస నంబరుతో సహా ఉంటుంది. ఆ దారిలోనే విడ్జెట్ పేరు కనిపిస్తుంది. బయటి విడ్జెట్లన్నీ హోమ్ ఫోల్డర్‌లోని .local/share/plasma/plasmoids (ప్లాస్మాయిడ్స్) ఫోల్డర్‌లో ఉంటాయి. లోపలికి వెళ్లాక కూడా ప్యానెల్ నిలబడకపోతే అనుమానం ఉన్న విడ్జెట్ ఫోల్డర్‌ని అక్కణ్నుంచి బయటికి తీసి మళ్లీ రీస్టార్ట్ చేయండి.

మూడోది వెర్షన్ల గొడవ. ప్లాస్మా 5కి రాసిన విడ్జెట్ 6లో నడవదు. దాని చోట పాతదని చెప్పే సందేశం మాత్రం కనిపిస్తుంది. సెట్టింగ్స్ మార్చి దాన్ని నడిపించే దారి లేదు, రాసినవాళ్లే కోడ్ మార్చాలి. కుబుంటు 24.04, డెబియన్ 12 రెండూ 5.27తోనే వచ్చాయి. కాబట్టి వాటి మీద ఉన్నవాళ్లు స్టోర్‌లో ప్లాస్మా 6 వరసలోవి దించుకున్నా అదే తంతు. ఫెడోరా 40 నుంచి, డెబియన్ 13 నుంచి ప్లాస్మా 6 ఉంది.

నాలుగోది, నన్ను ఎక్కువ బాధించేది: ఇంత కష్టపడి అమర్చుకున్న ప్యానెల్‌ని కాపీ తీసి భద్రపరచుకోవడానికి సెట్టింగ్స్‌లో తేలికైన బటన్ ఒక్కటీ లేదు. మనమే చేసుకోవాలి. హోమ్ ఫోల్డర్‌లో కంట్రోల్+హెచ్ నొక్కితే దాగిన ఫోల్డర్లు కనిపిస్తాయి. అందులో .config (.కాన్ఫిగ్) తెరవండి. రెండు ఫైళ్లు వెతకండి. ఒకటి plasma-org.kde.plasma.desktop-appletsrc. ఏ విడ్జెట్ ఎక్కడుంది, దాని సెట్టింగ్స్ ఏమిటి అన్నదంతా ఇందులోనే. రెండోది plasmashellrc. ప్యానెల్ ఎత్తు, తేలే తీరు లాంటివి ఇందులో. మొదటిది మాత్రమే దాచుకుంటే విడ్జెట్లు వస్తాయిగానీ ప్యానెల్ కొలతలు తప్పుతాయి. రెండూ కలిపి ఒక ఫోల్డర్‌లో తేదీ వేసి పెట్టుకోండి.

తిరిగి పెట్టేటప్పుడు వరస ముఖ్యం. ప్లాస్మాషెల్ నడుస్తుండగా ఫైలు మార్చితే అది ఆగేటప్పుడు తన దగ్గరున్న పాత వివరాలను మళ్లీ ఫైల్లో రాసేస్తుంది. మీరు పెట్టిన కాపీ గాలికి పోతుంది. అందుకే ముందు పైన చెప్పిన కమాండ్‌లోనే రీస్టార్ట్ బదులు స్టాప్ అని కొట్టాలి. తెర ఖాళీ అవుతుంది, భయపడక్కర్లేదు, టెర్మినల్ విండో అలాగే ఉంటుంది. రెండు ఫైళ్లూ .కాన్ఫిగ్‌లోకి కాపీ చేసి, అదే కమాండ్‌లో స్టార్ట్ అని కొట్టాలి. పొరపాటున టెర్మినల్ మూసేస్తే కంట్రోల్+ఆల్ట్+టీ అప్పుడూ పనిచేస్తుంది, ఎందుకంటే షార్ట్‌కట్లను చూసుకునేది ప్లాస్మాషెల్ కాదు. అంతా చెడిపోయి మొదటికి రావాలనుకుంటే ఆ రెండు ఫైళ్లనూ పక్కకు తీసి స్టార్ట్ చేస్తే కొత్తగా ఎక్కించినప్పటి ప్యానెల్ వస్తుంది. ప్యానెల్ ఒక్కటే పోయి డెస్క్‌టాప్ బాగానే ఉంటే ఇంత పని అక్కర్లేదు. ఎడిట్ మోడ్‌లో 'యాడ్ ప్యానెల్', అందులో 'డిఫాల్ట్ ప్యానెల్' నొక్కండి.

గ్లోబల్ థీమ్ మార్చేటప్పుడు కూడా ఈ కాపీ చేతిలో ఉండాలి. థీమ్ పెట్టే ముందు వచ్చే పెట్టెలో 'డెస్క్‌టాప్ అండ్ విండో లేఔట్' అన్న టిక్కు పెట్టారా, మీ ప్యానెళ్లు, విడ్జెట్లు అన్నీ తీసేసి థీమ్‌తో వచ్చినవి పెడుతుంది. రంగులు మాత్రమే కావాలంటే దాన్ని ముట్టుకోవద్దు.

రెండు మానిటర్లు వాడేవాళ్లకు ఇంకో తలనొప్పి. ప్యానెల్ ఒక్కో తెరకు కట్టుబడి ఉంటుంది. ల్యాప్‌టాప్‌ని ఆఫీసులో పెద్ద తెరకు తగిలించి, ఇంటికి తెచ్చాక ప్యానెల్ కనిపించకపోతే అది రెండో తెర మీదే ఉండిపోయిందన్నమాట. ఎడిట్ మోడ్‌లో 'మేనేజ్ డెస్క్‌టాప్స్ అండ్ ప్యానెల్స్' తెరిస్తే తెరలన్నీ, వాటి ప్యానెళ్లూ చిన్న బొమ్మలుగా కనిపిస్తాయి, తగిలించి లేని తెరవి కూడా. అక్కణ్నుంచి ఇటు మార్చుకోవచ్చు. రెండు తెరల మీదా ఒకే రకం ప్యానెల్ కావాలంటే మొదటినుంచీ కట్టనక్కర్లేదు. కొత్త వెర్షన్లలో ప్యానెల్ సెట్టింగ్స్‌లోనే 'క్లోన్' ఉంది. దాంతో ఇంకోటి చేసి రెండో తెర మీదకు జరపండి.

మిగతా డెస్క్‌టాప్‌లతో పోలిస్తే? మింట్‌లో వచ్చే సినమన్‌లో ప్యానెల్‌కి యాప్లెట్లు, డెస్క్‌టాప్‌కి డెస్క్‌లెట్లు అని రెండు జాతులు. ఒకదాన్ని ఇంకోచోట పెట్టలేం. అయితే నేర్చుకోవడం తేలిక, కొత్తవాళ్లకు అదే సరిపోతుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈ ప్యానెల్ పాత మెషిన్ల మీద కూడా చురుగ్గా ఉంటుంది, చాలా నిలకడైనది. డెస్క్‌టాప్ మీద విడ్జెట్లు మాత్రం దానికి సొంతంగా లేవు, కాంకీ లాంటివి విడిగా పెట్టుకుని టెక్స్ట్ ఫైల్లో కూర్చుని రాసుకోవాలి. గ్నోమ్ ఈ దారిలోకే రాదు. ఎక్స్‌టెన్షన్లతో ప్యానెల్ మార్చుకోవచ్చుగానీ ఆరునెలలకోసారి కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా అవి దానికి తగ్గట్టు అప్‌డేట్ అయ్యేదాకా ఆగాలి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు 5.27 ఉన్న లినక్స్ పంపిణీ (డిస్ట్రో) ఎక్కించుకోకుండా నేరుగా ప్లాస్మా 6 ఉన్నదే తీసుకోండి. ఎక్కించిన రోజే, ఏ మార్పూ చేయకముందే, ఆ రెండు ఫైళ్లకూ ఒక కాపీ తీసి పెట్టండి. నచ్చినట్టు అమర్చుకోవడం పూర్తయ్యాక ఇంకో కాపీ. రేపు కంప్యూటర్ మార్చినా, కొత్త మెషిన్‌లో అదే 6 వరస ఉండి, ప్లాస్మాయిడ్స్ ఫోల్డర్‌ని కూడా వెంట తీసుకెళితే, మీ ప్యానెల్ ఐదు నిమిషాల్లో అక్కడ కూడా నిలబడుతుంది.